నావి కాని అడుగులు

మార్చి 3, సోమవారం

ఆఫీసులో లిఫ్టు పాడైంది. మూడో అంతస్తులో ఉన్న నా కుర్చీ చేరడానికి పదకొండు నిమిషాలు పట్టింది. రెండో అంతస్తు మలుపులో నోటీసు బోర్డు ఉండబట్టి పరువు దక్కింది. దాని ముందు నిలబడి పోయిన ఏడాది సెలవుల జాబితా మొదటినుంచి చివరిదాకా చదివాను. వెనకనుంచి ఎవరో చకచకా మెట్లెక్కుతూ, "ఏమైనా ముఖ్యమైన నోటీసా మేడమ్?" అన్నారు. తల ఊపాను. మాట్లాడాలంటే ఊపిరి ఉండాలి కదా.

పైకి చేరగానే డైరెక్టర్ గారు పిలిచి కొత్త పని అప్పగించారు. మార్కెట్ వెనక పేటలో ఉండే ఆడవాళ్ళు రోజూ నడిచేలా, ఒంటిని కదిలించేలా ఆరోగ్య విద్య ద్వారా ప్రోత్సహించాలట. పన్నెండు వారాల కార్యక్రమం. బాధ్యురాలిని నేను.

"ఈ పనికి మీకంటే తగినవాళ్ళు లేరమ్మా," అన్నారాయన. నా ముఖం మీద చెమట ఇంకా ఆరలేదు. దాన్ని ఉత్సాహం అనుకున్నట్టున్నారు.

నాకు నలభై తొమ్మిదేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు ఇదే ఆఫీసు. ఆరోగ్యం గురించి నేను రాసిన కరపత్రాలతో ఒక బీరువా నిండింది. రేపటినుంచి నేను కూడా నడుస్తాను. డైరీలో రాశాను కాబట్టి ఇక తప్పించుకోలేను.

మార్చి 4

వాన వచ్చేలా ఉంది. రేపు.

మార్చి 5

వాన రాలేదు. నేనూ వెళ్ళలేదు. నడక బూట్లు లేకుండా నడిస్తే మోకాళ్ళు పాడవుతాయని నేనే ఒక కరపత్రంలో రాశాను.

మార్చి 7

బూట్లు కొన్నాను. మా ఆయన పెట్టె తెరిచి చూసి, "ఎవరికి?" అన్నారు.

మార్చి 8, శనివారం

కరపత్రం పూర్తయింది. ముందుగా మా క్లినిక్ డాక్టరమ్మకు చూపించాను. ఆవిడ ఎర్ర సిరాతో కింద రెండు వాక్యాలు చేర్చింది. నడక మొదలుపెట్టే ముందు ఒకసారి బి.పి., గుండె చూపించుకోవాలి. నడుస్తున్నప్పుడు ఛాతీలో బరువుగా ఉన్నా, దవడో ఎడమ చెయ్యో లాగినా వెంటనే ఆగిపోయి డాక్టరు దగ్గరికి రావాలి.

మంచి వాక్యాలే. కానీ చోటు చాలలేదు. వాటిని ఇరికించాలంటే నడిచే అమ్మాయి బొమ్మ చిన్నది చేయాలి, అప్పుడు అందమంతా పోతుంది. పైగా ఇప్పుడిప్పుడే గడప దాటబోయే ఆడవాళ్ళని మొదట్లోనే భయపెట్టడం దేనికి? తీసేశాను. ఆ చోట నా నినాదం పెట్టాను: "ఆయాసం వచ్చిందా? మంచిదే! ఆగకండి!"

డైరెక్టర్ గారు లేచి నిలబడి మెచ్చుకున్నారు. రెండు వేల కాపీలు.

మార్చి 10, సోమవారం

పేటలో కమ్యూనిటీ హాల్లో మొదటి సమావేశం. పద్దెనిమిది మంది వచ్చారు. కూర్చోవడం ఎంత ప్రమాదమో నలభై నిమిషాలు కుర్చీలో కూర్చుని చెప్పాను. చార్టులు కూడా పక్కనున్న వాళ్ళే పట్టుకున్నారు.

ప్రశ్నలుంటే అడగమంటే, ముందు వరసలో ఉన్న టైలరమ్మ లేచింది. ముప్పై ఐదేళ్ళుంటాయి, మనిషికంటే ముందు నోరు వస్తుంది.

"పొద్దున ఆరింటికి నడవమంటున్నారు. ఆ టైములో మా ఇంట్లో నలుగురు నాలుగు మూలలనుంచి పిలుస్తుంటారు మేడమ్. వాళ్ళని ఎవరు నడిపిస్తారు?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, మనసుంటే సమయం అదే దొరుకుతుందన్నాను. ఇంట్లో నాకు పొద్దున కాఫీ అత్తయ్య చేతికిస్తుంది. ఆ సంగతి అక్కడ అప్రస్తుతం.

చివర్లో ఒకావిడ గోడ వారనుంచి మెల్లగా అడిగింది. మార్కెట్ మలుపులో ఇస్త్రీ బడ్డీ ఆవిడది. ఏభై నాలుగేళ్ళు, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అందరూ ఇస్త్రీ అక్క అంటారు. "నేను పొద్దున్నుంచి సాయంత్రందాకా నిలబడే ఉంటాను మేడమ్. అది లెక్కలోకి రాదా?"

"రాదక్కా. నిలబడటం వేరు, నడక వేరు," అన్నాను.

ఆవిడ తల ఊపి, కరపత్రాన్ని ఇస్త్రీ చేసిన బట్ట మడిచినట్టు నాలుగు మూలలూ కలిపి మడిచి సంచిలో పెట్టుకుంది. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

మార్చి 17, సోమవారం

ఆఫీసునుంచి అడుగుల మీటర్లు వచ్చాయి. నడుముకి తగిలించుకుంటే రోజుకెన్ని అడుగులు వేశామో చూపిస్తుంది. హాల్లో గోడకి పెద్ద బోర్డు కట్టించాం. రోజూ పొద్దున ఎవరి అంకె వాళ్ళు రాయాలి. నాయకురాలు ముందుండాలని డైరెక్టర్ గారి ఆజ్ఞ. అందుకని మొదటి గడి నాది. "మేడమ్" అని పెద్ద అక్షరాలతో.

మార్చి 18

టైలరమ్మ 6,200. ఇస్త్రీ అక్క 4,900. మేడమ్ 1,140.

మీటరు పాడైందని చెప్పాను.

మార్చి 20

ఈసారి నిజంగానే నడుద్దామని వీధి చివరిదాకా వెళ్ళాను. అక్కడ బస్సు ఆగి ఉంది. ఖాళీగా ఉంది. ఎక్కాను.

మార్చి 23, ఆదివారం

ఒక చిత్రం జరిగింది. పొద్దున మీటరు బల్ల మీద వదిలేస్తే, అదేమిటో చూద్దామని అత్తయ్య తీసి తాళాల గుత్తి పక్కన తగిలించుకుందట. సాయంత్రం చూస్తే 7,312!

అత్తయ్యకి డెబ్భై ఆరేళ్ళు. చిన్నగా, ఎండిన కొమ్మలా ఉంటుంది. రోజంతా కళ్ళజోడు వెతుకుతుంది. అది దొరికాక, మేడ మీద ఆరేసిన బట్టలు తిరగేయడానికి, పక్కింటావిడ గేటు వేసిందో లేదో చూడటానికి, కూరలవాణ్ణి వీధి చివరిదాకా తరిమి ఇంకాస్త అడగటానికి తిరుగుతుంది. ఇవన్నీ అడుగులని నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

7,312. మీటరు ఆఫీసు నాకిచ్చింది. అత్తయ్య మా ఇంటి మనిషి. ఒకవిధంగా చూస్తే ఇది మా ఇంటి అంకె.

మార్చి 24

బోర్డు మీద 7,312 వేశాను. చప్పట్లు కొట్టారు.

ఈ ఒక్కసారికే.

మార్చి 29, శనివారం

"పెద్దవాళ్ళ ఆరోగ్యం పరీక్షించడానికి ఆఫీసు వాళ్ళు పంపారత్తయ్యా, రోజూ పెట్టుకోండి," అని చెప్పాను. ఆవిడ మురిసిపోయింది. నిన్న 8,450. ఇవాళ, ఆఫీసు వాళ్ళు చూస్తున్నారన్న హుషారులో, 9,670. ఇలా అయితే నేను ఆవిణ్ణి కాస్త కూర్చోమని బతిమాలాల్సి వస్తుంది. మరీ ఎక్కువైతే ఎవరూ నమ్మరు.

ఏప్రిల్ 2

ఇస్త్రీ అక్క బోర్డు ముందు నిలబడి నా గడి చూస్తోంది. వేలు పెట్టి అంకెలు ఒక్కొక్కటే చదువుకుంటోంది. నన్ను చూసి సిగ్గుపడింది.

"కుర్చీలో ఉద్యోగం చేస్తూ కూడా ఇంత నడుస్తున్నారా మేడమ్! నేను బడ్డీలో నిలబడి అదే గొప్పనుకున్నాను ఇన్నాళ్ళూ. రేపటినుంచి గంట ముందు లేస్తాను."

"శభాష్ అక్కా," అన్నాను.

ఎవరికైనా ఆదర్శం అయితే ఒళ్ళు తేలిగ్గా ఉంటుందని ఇవాళే తెలిసింది. ఆ తేలికతనంలో ఇంటికి నడిచి రావాల్సింది. బస్సు వచ్చేసింది.

ఏప్రిల్ 8

ఇస్త్రీ అక్క 8,100. మేడమ్ 10,020.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఫోటోల రోజు. డైరెక్టర్ గారు ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని హాలుకి వచ్చారు. బోర్డు పక్కన నేను, నా చుట్టూ ఆడవాళ్ళు. అందరూ సర్దుకుంటుండగా ఇస్త్రీ అక్క నా చెవి దగ్గరికి వచ్చి, "మేడమ్, నిన్నా ఇవాళా గట్టిగా నడుస్తుంటే ఇక్కడ ఏదో పట్టేసినట్టుంటోంది," అని గుండెల మీద చెయ్యి పెట్టుకుంది.

ఫోటోగ్రాఫర్ "ఇటు చూడండి" అన్నాడు. నేను అటే చూస్తూ, "ఆయాసం మంచిదే అక్కా. ఆగకండి," అన్నాను.

ఫోటో బాగా వచ్చింది. నేను కాస్త సన్నగా కూడా పడ్డాను.

ఏప్రిల్ 16

ఇస్త్రీ అక్క పడిపోయింది.

ఏప్రిల్ 17, గురువారం

నిన్న పొద్దున ఆరున్నరకి, మార్కెట్ దాటి వంతెన ఎక్కే చోట. పాలు పోసేవాళ్ళు చూసి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గుండెకి వెళ్ళే రక్తనాళం ఒకటి దాదాపు పూడుకుపోయిందట. స్టెంట్ వేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు.

వరండాలో ఆవిడ కూతురు ఉంది. బస్సు కండక్టర్ యూనిఫామ్‌లోనే ఉంది, డ్యూటీ మధ్యలో వచ్చేసినట్టుంది. నన్ను చూసి లేచింది. తల్లి చేతిసంచి తెరిచి నా కరపత్రం తీసి నా ముందు పట్టుకుంది. మడతలు చిరిగిపోయేంతగా నలిగి ఉంది.

"ఇది రాసింది మీరేనా?"

"నేనే."

"పడిపోయే ముందు మూడు రోజులనుంచి చెయ్యి లాగుతోందంటోంది. ఆగమ్మా, డాక్టరుకి చూపిద్దాం అన్నాను. ఆగకండని మేడమ్ రాశారు, వాళ్ళకి తెలియదా అంది."

కరపత్రాన్ని మళ్ళీ అవే మడతల మీద మడిచింది.

"మీరు ఒక్క స్టాపు కోసం నా బస్సే ఎక్కుతారు," అంది. "వారానికి నాలుగు సార్లు. పదివేల అడుగుల మేడమ్ ఈవిడేనా అని నవ్వుకునేదాన్ని. అమ్మకి చెప్పాను కూడా. ఏమందో తెలుసా? అంతంత నడిచిన మనిషికి కాళ్ళు నొప్పులుండవా, పాపం ఒక్క స్టాపు కూర్చోనీయవే, అంది."

నేను ఆ పిల్ల చేతినుంచి అన్నిసార్లు టిక్కెట్టు తీసుకున్నాను. ఒక్కసారి కూడా ముఖం చూడలేదు.

ఏప్రిల్ 18

ఆఫీసుకు వెళ్ళలేదు.

ఏప్రిల్ 19

జబ్బు ముందునుంచే ఉంది. ఆసుపత్రి డాక్టరు కూడా అదే అన్నాడు. నడవకపోయినా ఎప్పుడో బయటపడేదే. ఒకరకంగా నడవడం వల్లే తొందరగా తెలిసింది.

పైన రాసింది కొట్టేశాను. మళ్ళీ అదే రాసుకున్నాను. మళ్ళీ కొట్టేశాను. డాక్టరమ్మ ఎర్ర సిరాతో రాసిచ్చిన కాగితం నా టేబుల్ సొరుగులోనే ఉంది. ఆవిడ రాసిన రెండు వాక్యాలు చదివి ఉంటే అక్క మొదటి రోజే ఆగిపోయేది. బొమ్మ చిన్నదవుతుందని తీసేశాను. బొమ్మ!

ఏప్రిల్ 20, ఆదివారం

అత్తయ్యకి చెప్పేశాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మొత్తం విన్నాక నడుమునుంచి మీటరు తీసి బల్ల మీద పెట్టింది.

"అంటే ఆఫీసువాళ్ళు నన్నెవరూ చూడటం లేదన్నమాట."

"లేదత్తయ్యా."

"నేను మేడెక్కి దిగినవన్నీ నీ పేరున వేసుకున్నావు."

"అవును."

కాయలు ఒలుస్తూనే ఉంది. "నా అడుగులు నువ్వు వాడుకున్నందుకు కోపం లేదే అమ్మాయ్. ఊరికే తిరిగేవే కదా," అంది చివరికి. "ఆ పిల్ల చేత నాతో పోటీ పెట్టించావు చూడు. దానికి నా ముఖం కూడా తెలియదు. నేను ఎవరితోనూ పందెం వేయలేదు."

ఇస్త్రీ అక్క ఏభై నాలుగేళ్ళ మనిషి. అత్తయ్యకి పిల్లే.

"రేపు వెళ్ళి వాళ్ళందరికీ చెప్పు. నేనూ వస్తాను. నువ్వు మధ్యలో ఏదైనా మింగేస్తే అందిస్తాను."

ఏప్రిల్ 21, సోమవారం

పద్దెనిమిది మందిలో పదకొండు మంది వచ్చారు. నిలబడే చెప్పాను. అంకెలు నావి కాదని, ఇదిగో ఈవిడవని అత్తయ్యని చూపించాను. డాక్టరమ్మ రాసిన వాక్యాలు తీసేసింది నేనేనని చెప్పాను. ఇస్త్రీ అక్క గుండె పట్టేస్తోందని నాతో చెప్పిందని, నేను కెమెరా వైపు చూస్తూ జవాబిచ్చానని చెప్పాను. ఆ ముక్క దాటెయ్యబోతే అత్తయ్య వెనకనుంచి, "ఫోటో సంగతి చెప్పు," అంది.

తరవాత టైలరమ్మ అంది: "అడుగుల సంగతి మాకు తెలుసు మేడమ్."

"తెలుసా?"

"రెండు మెట్లెక్కితే ఆ గుమ్మం పట్టుకుని నిలబడతారు. పదివేలు ఎక్కడ నడుస్తారు? అందరికీ తెలుసు. ఏదో ఉద్యోగం, పాపం, పైవాళ్ళకి చూపించుకోవాలి కదా అనుకున్నాం. మేమూ కొంచెం కలిపే వేస్తున్నాం." పక్కనున్నావిడని మోచేత్తో పొడిచింది. "ఇది మీటరుని వాళ్ళ కుక్క మెడకి కట్టింది."

నవ్వొచ్చింది అందరికీ. నాక్కూడా. ఆ నవ్వు మధ్యలోనే టైలరమ్మ ముఖం మారిపోయింది.

"అక్క ఒక్కతే నమ్మింది," అంది. "మేమైనా చెప్పాల్సింది. మీ గురించి నవ్వుకున్నాం గానీ ఆవిడకి చెప్పలేదు."

బోర్డు మేమే విప్పేశాం. మేకులు అత్తయ్య పీకింది.

ఏప్రిల్ 24

ఆసుపత్రి. అక్క కళ్ళు తెరిచే ఉంది. చెప్పాల్సిందంతా చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడిస్తే ఆవిడే నన్ను ఓదార్చాల్సి వస్తుందని. ఏడవలేదు.

అంతా విని, "మరి నాతోనే ఎందుకు చెప్పారు మేడమ్ ఆగకండని?" అంది.

నేను దుప్పటి అంచు సర్దాను. ఆవిడ కాసేపు చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది. కూతురు తలుపు తీసి పట్టుకుంది, నన్ను వెళ్ళమని.

ఏప్రిల్ 26, శనివారం

ఇస్త్రీ బడ్డీ మూసి ఉంది. బడ్డీ ముందు బట్టల మూటలు. వాళ్ళ బట్టలు వాళ్ళకి కావాలని ఇద్దరు కూతురి మీద అరుస్తున్నారు. ఆ పిల్ల యూనిఫామ్‌లో ఉంది, మరో అరగంటలో డ్యూటీ.

"నేను చేస్తాను," అన్నాను.

"ఇస్త్రీ చేస్తారా, ఫోటో దిగుతారా?"

"ఇస్త్రీ."

తాళం చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నమ్మకంతో కాదు. బస్సు వచ్చేసింది.

మొదటి చొక్కా కాలరు కాల్చాను. రెండోది ముడతలు పోగా కొత్తవి పడ్డాయి. గంటకి నడుము పట్టేసింది. రెండు గంటలకి అరికాళ్ళలో నిప్పులు. లోపల కూర్చోవడానికి కుర్చీ లేదు, వేసుకునే చోటూ లేదు, బల్ల ఎత్తుకి నిలబడితేనే ఇస్త్రీ పెట్టె పట్టిన చెయ్యి ఆడుతుంది. నాలుగు గంటలు నిలబడ్డాను. నిలబడటం వేరు, నడక వేరు అని ఆవిడతో చెప్పింది నేనే. నిజమే, వేరే. నడిస్తే మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చు.

చొక్కా తాలూకు మనిషి కాలరు చూసి, "ఎవరు చేశారిది?" అని అరిచాడు. "ఆరోగ్య శాఖ," అన్నాను. అతనికి అర్థం కాలేదు. మంచిదయింది.

ఏప్రిల్ 27

లేవలేకపోయాను. ఆయన కాళ్ళకి నూనె రాశారు. "ఈసారి నిజంగానే నడిచావా?" అన్నారు. "నిలబడ్డాను," అన్నాను.

ఏప్రిల్ 30

సాయంత్రాలు, సెలవు రోజులు బడ్డీకి వెళ్తున్నాను. టైలరమ్మ మరో ఇద్దరితో కలిసి వంతులు వేసింది. ఆవిడ చొక్కా మూడు నిమిషాల్లో పూర్తి చేస్తుంది. నాకు పదమూడు. "మీరు తువ్వాళ్ళు చెయ్యండి మేడమ్," అని నా ముందునుంచి చొక్కాలు లాగేసుకుంది.

మే 5, సోమవారం

డైరెక్టర్ గారికి నివేదిక ఇచ్చాను. ఒకటిన్నర పేజీ. నా అంకెలు అబద్ధమని, డాక్టరమ్మ హెచ్చరిక తీసేసింది నేనని, దానివల్ల ఒక మనిషి ఆసుపత్రి పాలైందని రాశాను. ఆయన కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీశారు.

"ఇలాంటివి రాయరమ్మా. ఒకరికి అస్వస్థత కలిగింది, వైద్యం అందింది అని రాయండి. చాలు."

"అలా రాస్తే ఇంకో పేటలో ఇదే కరపత్రం పంచుతాం సార్. ఇంకా పదహారు వందలున్నాయి."

"మీ సర్వీసు గురించి ఆలోచించారా?"

ఆలోచించాను. మూడు రోజులు అదే ఆలోచించాను. పెద్ద ధైర్యమేమీ కాదు. నివేదిక చివర సంతకం పెడితే, అది నాదేనని నేనే గుర్తుపట్టలేకపోయాను. బ్యాంకులో అయితే చెల్లదు.

మే 9

మెమో వచ్చింది. కార్యక్రమ బాధ్యతనుంచి తప్పించారు. ఈ ఏడాది రావాల్సిన ప్రమోషన్ ఆపేశారు. కరపత్రాలు వెనక్కి తెప్పించి, కొత్తది డాక్టరమ్మని రాయమన్నారు. ఆవిడ నా సీటు దగ్గరికి వచ్చి, "బొమ్మ చిన్నది చేస్తే ఏమంటారు?" అంది. అసలు బొమ్మే వద్దన్నాను.

మే 14

కార్యక్రమం నాది కాకపోయినా చూద్దామని హాలుకి వెళ్ళాను. టైము పొద్దున ఆరు కాదు, సాయంత్రం నాలుగు. ఇంటి పనికి, సాయంత్రం హడావిడికి మధ్య ఆడవాళ్ళకి దొరికే ఆ కాస్త తీరిక. పొద్దున కుదరదని వాళ్ళు మొదటి రోజే చెప్పారు. నేను మనసుంటే అంటూ ఏదో అన్నాను.

అందరికీ డాక్టరమ్మ ముందుగా పరీక్షలు చేసింది. ఎవరెంతసేపు నడవాలో చీటీ రాసిచ్చింది. ఎండ లేకుండా మార్కెట్ పై అంతస్తులో ఖాళీగా ఉన్న పొడుగాటి వరండా వాళ్ళే వెతుక్కున్నారు. చంటిపిల్లలున్నవాళ్ళ పిల్లల్ని ఇద్దరు కూర్చుని చూసుకుంటే మిగతావాళ్ళు నడుస్తారు, తరవాత వాళ్ళు లేస్తే వీళ్ళు కూర్చుంటారు. ఇరవై ఏడు మంది. నా పన్నెండు వారాల ప్రణాళికలో ఇవేవీ లేవు.

అందరికంటే ముందు అత్తయ్య. వెనక్కి తిరిగి, "ఏమే, ముసలిదాన్ని అందుకోలేరూ?" అని గదమాయిస్తోంది. ఎవరూ పందెం వేయకుండానే.

డాక్టరమ్మ నన్ను కూడా కూర్చోబెట్టి బి.పి. చూసింది. చూసి, నా ముఖం చూసి, మళ్ళీ చూసింది. నాకూ ఒక చీటీ. మాత్రలు, ఉప్పు తగ్గించాలి, రోజుకి పది నిమిషాలు మెల్లగా. "మెల్లగా" కింద రెండు గీతలు.

మే 20

పది నిమిషాలు. నిజంగా. ఎవరికీ చెప్పలేదు.

మే 21

తొమ్మిది. ఒక నిమిషం బూటు తాడు కట్టుకున్నాను. తాడు ఊడలేదు.

మే 28

ఇస్త్రీ అక్క ఇంటికి వచ్చి నెల కావస్తోంది. పరామర్శకి వెళ్ళిన వాళ్ళందరితో మాట్లాడుతోందట. నేను వెళ్ళలేదు. గోడ వైపు తిరిగి పడుకున్న మనిషిని మళ్ళీ ఎందుకు కష్టపెట్టాలి అనుకున్నాను. అది ఆవిడ కోసం అనుకున్నానో నా కోసమో తెలియదు.

తెలుసు. నా కోసమే.

జూన్ 3, మంగళవారం

సాయంత్రం తలుపు చప్పుడైతే అత్తయ్య తీసింది. "నీ కోసమే," అని పక్కకి జరిగింది. గుమ్మంలో ఇస్త్రీ అక్క. ఇంకా చిక్కిపోయింది. కాళ్ళకి కొత్త చెప్పులు. కూతురు దూరంగా వీధిలో ఫోన్ చూస్తూ నిలబడింది, లోపలికి రాలేదు. రానని ముందే చెప్పి ఉంటుంది.

కుర్చీ లాగాను. ఆవిడ కూర్చోలేదు.

"నడవడానికి పదండి," అంది.

"నాతోనా?"

"పది నిమిషాలు నడవమన్నారు. ఒక్కదాన్నే వద్దన్నారు. మొన్న ఆ వరండాకి వెళ్ళాను, వాళ్ళతో నా వల్ల కాదు. టైలరమ్మ పరిగెడుతుంది. మీ అత్తగారి సంగతి చెప్పనే అక్కర్లేదు." గుమ్మం పక్కనున్న నా బూట్ల వైపు చూసింది. "ఈ చుట్టుపక్కల నాకంటే మెల్లగా నడిచేది మీరొక్కరే మేడమ్."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాకు దొరికిన అర్హతాపత్రం ఇది.

బయలుదేరాం. నాకు క్షమించమని అడగాలని ఉంది. అడిగితే ఆవిడ ఆగి జవాబు చెప్పాలి, ఊపిరి ఖర్చవుతుంది. ఊరుకున్నాను. మూసి ఉన్న ఒక కొట్టు మెట్ల దగ్గర ఆవిడ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. గట్టిగా.

"నొప్పిగా ఉందా?" అన్నాను. "ఆగుదాం. కూర్చోండి. డాక్టరమ్మకి ఫోన్ చేస్తాను."

"నొప్పి కాదు. ఊరికే భయమేసింది."

కూర్చున్నాం. నాడి చూశాను. చూడటం నాకు వచ్చు, పాఠం చెప్పాను చాలాసార్లు. మొదటిసారి ఒక మనిషి చెయ్యి పట్టుకుని అంకెలు లెక్కపెట్టాను, నిమిషమంతా, ఎక్కడా కలపకుండా, తగ్గించకుండా. ఎనభై నాలుగు. చెప్పాను.

"నిజంగానా?" అంది.

"మీరే చూసుకోండి," అని ఆవిడ వేళ్ళు ఆవిడ మణికట్టు మీదే ఎక్కడ పెట్టాలో చూపించాను. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. నాకంటే రెండు తక్కువ వచ్చింది. సరేనంది.

తిరుగుదారిలో మలుపు దగ్గర నాకు నిజంగానే ఆయాసం వచ్చింది. ఈసారి నేనే ఒక గోడ అంచు మీద కూలబడ్డాను. ఆవిడ నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది. చాలా రోజులకి ఆవిడ ముఖంలో నవ్వులాంటిది కనపడింది. పూర్తి నవ్వు కాదు. దానికి ఇంకా చాలా రోజులు పడుతుంది, నేను అడగను కూడా.

ఇంటి ముందు అత్తయ్య నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. కూతురు ఫోన్ మూసి దగ్గరికి వచ్చింది.

"ఎంతసేపు పట్టింది? మధ్యలో ఆగారా?" అంది అత్తయ్య.

"పద్నాలుగు నిమిషాలు. రెండుసార్లు కూర్చున్నాం," అంది ఇస్త్రీ అక్క. కూతురి వైపు చూసి, "రెండుసార్లూ మేడమ్ కోసమే," అంది.

మొదటిసారి ఆవిడ కోసం. కానీ నేను నోరు మెదపలేదు.